గోడ మీద పేరు

కుడి లెన్సు అంచు ఇంకా వెంట్రుకవాసి ఎక్కువే ఉంది. దస్తగిరి దాన్ని మళ్లీ సానరాయికి ఆనించాడు. నీళ్లు చిమ్మి, తెల్లటి బురద వేళ్ల సందుల్లోకి దిగింది. తుడిచి, ఎడమ కన్ను చికిలించి వెలుతురుకు పట్టి చూసుకుని, ఫ్రేములో పెట్టి బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. ముప్ఫయ్యేళ్లుగా నొక్కీ నొక్కీ ఆ వేలి కొన కాయ కాసింది, గోరు ఒక పక్కకు ఒరిగింది.

యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టి. తెల్లకోటు మోకాళ్ల దాకా వేలాడుతుంటుంది. ఆ అరబ్బు దేశపు ఊరు ఉనైజా బజారులో సగం మంది ముక్కుల మీద ఉన్నది అతని చేతిపనే, అతని మొహం మాత్రం ఎవరికీ గుర్తుండదు. మొహం చూడాలంటే గోడ మీది లైసెన్సు చూడాలి. అందులో నల్లటి మీసంతో అయిదేళ్ల కిందటి దస్తగిరి ఉన్నాడు. అరబీలో రాసినవాడెవడో గానీ పేరును దస్తజీర్ చేసి పెట్టాడు.

కొట్టు అబూ ఫహద్‌ది. అది తెరిచి ఉండేది మాత్రం దస్తగిరి పేరు మీద. లైసెన్సున్న మనిషి లోపల లేకుండా ఒక్క కళ్లజోడు కూడా అమ్మకూడదు. వినడానికి గొప్పగానే ఉంది కదా! ఆ గొప్పే అతని మెడకు చుట్టుకుంది. సెలవడిగినప్పుడల్లా అబూ ఫహద్ గోడ వైపు చెయ్యి చూపించేవాడు. నువ్వు పోతే షట్టరు దించుకోవాలి అనేవాడు. ఇంకో మనిషిని పెట్టుకోమంటే నవ్వి ఊరుకునేవాడు. అలా అయిదేళ్లుగా దస్తగిరి నంద్యాల మొహం చూడలేదు.

ఇప్పుడు కొట్టు చేతులు మారుతోంది. కొనే ఆయనకు పక్కూరు బురైదాలో మూడు కొట్లున్నాయి, లైసెన్సున్నవాళ్లు ఎక్కువే ఉన్నారు. కొట్టు తన పేరు మీదికి మారిన వారంలోనే రెండు నెలల సెలవిచ్చి పంపిస్తానని దస్తగిరికి మాటిచ్చాడు. అది మారాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి, గోడ మీది పేరూ కింద నిలబడ్డ మనిషీ ఒకటేనని చూసి రాసుకుపోవాలి. ఫైలు ఇప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. ఈసారీ తిరిగొస్తే నేను వేరే కొట్టు చూసుకుంటానని కొనే ఆయన తేల్చి చెప్పేశాడు. తనిఖీ ఇవాళే, మధ్యాహ్నం నమాజు తర్వాత.

పొద్దున భార్య రహమత్బీ ఫోన్‌లో మాట పంపింది. "సూదిలోకి దారం ఎక్కడంల్యా. ఈడ డాక్టరుకు సూపిచ్చుకోమంటాండారు అందరూ. నేను పోను. నా కండ్లు నువ్వే వచ్చి సూడల్ల." దస్తగిరి మూడుసార్లు విన్నాడు. ఆమె పాత అద్దాల నంబరు అతనికి నోటికొచ్చు, ఇప్పుడెంతుంటుందో కూడా ఇంచుమించు చెప్పగలడు. అయినా ఆమెను ఎదురుగా కూచోబెట్టుకుని, ఒక్కో అద్దం మారుస్తూ, ఇది బాగుందా, అది బాగుందా అని అడగాలి. ఊళ్లోవాళ్లందరి కళ్లూ చూసినవాడికి సొంత పెళ్లాం కళ్లు చూడాలని ఎంత ఆశగా ఉందో!

నిద్ర లేచినప్పటి నుంచీ రొమ్ము మధ్య బరువుగా ఉంది. గ్యాసనుకుని అల్లం టీ తాగాడు. పన్నెండింటికి ఆ బరువు ఎడమ భుజంలోకి పాకింది. రెండింటికి దవడ లాగడం మొదలైంది. ఇన్‌స్పెక్టరు రాలేదు.

మంటలార్పే సిలిండరు గోడకు బిగించడానికి లక్ష్మణ్ వచ్చాడు. జగిత్యాలవాడు, ఆ బజారు కొట్లన్నిటికీ మరమ్మతులు చేసేది అతనే. మేకు కొడుతూ కొడుతూ ఆగి చూశాడు.

"దస్తగిరన్నా, ఏసీ కింద కూసోని గట్ల చెమటలేందే?"

"గ్యాసు లక్ష్మణా. రాత్రి తిన్నది అరగల్యా."

"గ్యాసైతే చెయ్యి గుంజుతదా? నడువు, దవాఖానకు పోదాం. బండి బయటనే ఉన్నది."

"ఆయప్పను వచ్చి పోనీ. నేను ల్యాకపోతే మళ్లా మొదటికొస్తాది."

లక్ష్మణ్ సుత్తి కింద పెట్టి, తనకొచ్చిన అరబీలో అబూ ఫహద్‌కు చెప్పాడు. అబూ ఫహద్ దస్తగిరిని చూశాడు, గోడను చూశాడు, చేతిలోని ఫోన్ చూసుకున్నాడు. అయిదే నిమిషాలు, దారిలో ఉన్నాడట అన్నాడు. తనే నీళ్లు తెచ్చిచ్చాడు, కుర్చీ జరిపి కూచోబెట్టాడు. చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడంతే. ఆ అయిదు నిమిషాలు మూడుసార్లు అయ్యాయి. సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ కూడా వినిపించింది.

"నీ కాల్మొక్త అన్నా, లే," అన్నాడు లక్ష్మణ్.

"గోడ మీద నా పేరుండాది. నేనుండల్ల."

కట్టేసి కూచోబెట్టిందెవరు? ఎవరూ లేరు. తలుపు తెరిచే ఉంది, బండి బయటే ఉంది. అయిదేళ్లు ఒకే మాట వినీ వినీ, అది తన మాటే అయిపోయింది అతనికి. తలుచుకుంటే, ఇది చెబుతున్న నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

నాలుగున్నరకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. మిషన్లు చూశాడు, సిలిండరు మీది తేదీ చూశాడు, గోడ మీది ఫొటో చూసి ఇటు తిరిగాడు. దస్తగిరి బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"దస్తజీర్?"

"ఐవా," అవునన్నాడు.

బూడిద రంగుకు తిరిగిన ఆ మొహం మీద ఇన్‌స్పెక్టరు చూపు ఒక్క క్షణం ఎక్కువే నిలిచింది. బాగున్నావా అని అడిగాడు. మాటవరసకు కాదు, నిజంగానే అడిగాడు.

"అల్‌హందులిల్లా," అన్నాడు దస్తగిరి.

ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా దేవుడి దయ వల్ల బాగున్నానని చెప్పే జవాబే. నోరు దానంతటదే అనేసింది. ఇన్‌స్పెక్టరు తలాడించి, రాసుకుని, ముద్ర వేసి, ఒక నకలు కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు.

అబూ ఫహద్ దస్తగిరి భుజం తట్టి, కొనే ఆయనకు కబురు చెప్పడానికి ఫోనుతో బయటికి నడిచాడు. లక్ష్మణ్ బండి మెట్ల దాకా తేవడానికి పరుగెత్తాడు. దస్తగిరి కోటు విప్పి కొక్కానికి తగిలించాలని కళ్లు పరీక్షించే గదిలోకి వెళ్లాడు. ఒక చెయ్యి విప్పాడు. రెండోది రాలేదు. పక్కనే ఉన్న కుర్చీలో, వచ్చినవాళ్లను కూచోబెట్టే కుర్చీలో, కూలబడ్డాడు. ఎదురుగా అక్షరాల పలక వెలుగుతోంది.

"అన్నా, బండి తెచ్చిన," అంటూ వచ్చాడు లక్ష్మణ్. దస్తగిరి కళ్లు పలక వైపే తెరుచుకుని ఉన్నాయి, ఏ వరుసనూ చదవడం లేదు. లక్ష్మణ్ ఆ కాయ కాసిన చేతిని రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అబూ ఫహద్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇప్పుడే కదా మాట్లాడాడు," అన్నాడు. చేతిలో ఫోన్ అవతలి నుంచి కొనే ఆయన ఇంకా పలకరిస్తూనే ఉన్నాడు.

కౌంటరు మీద ఆ నకలు ఏసీ గాలికి కొద్దికొద్దిగా లేచి పడుతోంది. అందులో దస్తజీర్ అన్న పేరుకు ఎదురుగా, హాజరు అన్న ఒక్క మాట మీద, గుండ్రటి నీలి ముద్ర ఇంకా తడిగానే ఉంది.