బిగుతు కాని ప్యాంట్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది ఒక కటింగ్ మాస్టరు నడుము సంగతి, అరిచి చెప్పేది కాదు.

ఆయన కత్తెర పట్టాడంటే గీత తప్పేది కాదు. బస్టాండు వెనక, మెట్ల కింద కొట్టు. ఊళ్లో సగం మంది నడుములు ఆయన టేపు కింద నుంచి వెళ్లినవే. షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. ఈ ఏడు కొత్తగా గుండె లయ తప్పింది. నాలుగు చప్పుళ్లు సరిగ్గా పడి, ఐదోది ఎటో పోయి, తర్వాతవన్నీ పరుగెత్తుకుంటూ వచ్చేవి. అప్పుడల్లా ఆయన కత్తెర కింద పెట్టేసి స్టూలు మీద కూలబడేవాడు. కోయాల్సిన గుడ్డలు గుట్టలు పడ్డాయి. గుండెను దారిలో పెట్టే చిన్న ఆపరేషను ఒకటి ఉందన్నారు. అది చేయించుకుని మళ్లీ బల్ల దగ్గర నిలబడాలి. ఆయన కోరిక అదొక్కటే.

భార్యను వెంటబెట్టుకుని గుండె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ స్కానింగు కాగితం చూసి, లివరుకు కొవ్వు పట్టిందని చెప్పింది.

భార్య మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఎప్పట్నించి తాగుతున్నావు?"

"నేను తాగేది టీ. అదీ నువ్వు పోస్తేనే."

"కొట్లో ఏం పోసుకుంటున్నావో నేనొచ్చి చూశానా?"

"తాగక్కర్లేదమ్మా," అంది డాక్టరమ్మ. "షుగరున్నవాళ్లకి పొట్ట పెరిగితే కొవ్వు లివర్లోనూ చేరుతుంది. అలా చేరినవాళ్లకి గుండె లయ తప్పడం కూడా ఎక్కువే. మూడూ ఒక తాను ముక్కలే. మాస్టారూ, ఈ మధ్య బట్టలేమైనా బిగుతయ్యాయా?"

"నా బట్టలా? పన్నెండేళ్లలో ఒక్కటీ బిగుతవలేదండీ."

ఆయన అబద్ధం ఆడలేదు.

"ఎందుకవుతాయమ్మా?" అంది భార్య. "పట్టినట్టు అనిపించిన పూటే కుట్టు విప్పి వదులు చేసుకుంటాడు. సైజు అడిగితే మాత్రం ముప్పై నాలుగే."

డాక్టరమ్మ టేపు చుట్టి చూసింది. నలభై రెండు.

మాస్టరు ఆ టేపు అందుకుని వెలుతురులో పట్టుకున్నాడు. "ఇది సాగిందండీ," అన్నాడు. సాగిన టేపు తక్కువ చూపిస్తుందే గానీ ఎక్కువ చూపించదని మరుక్షణం ఆయనకే గుర్తొచ్చింది. మడిచి బల్ల మీద పెట్టేశాడు.

"మూడంగుళాలు తగ్గి రండి," అంది డాక్టరమ్మ. "తగ్గకుండా ఆపరేషను చేసేస్తే గుండె మళ్లీ మొదటికొస్తుంది. తగ్గాక తేదీ రాస్తాను."

రెండో వడ్డన ఆగిపోయింది. టీలో పంచదార పోయింది. ఆరు నెలలపాటు ఆయన పొద్దునా సాయంత్రం బస్టాండు చుట్టూ నడిచాడు.

"ఏ బస్సు కోసం మాస్టారూ?" అనేవాళ్లు డ్రైవర్లు.

"బస్సు కోసం కాదు, లివరు కోసం."

ఆరు నెలలయ్యాక డాక్టరమ్మ మళ్లీ కొలిచింది. ముప్పై తొమ్మిదిన్నర.

"లివరు తేలికపడింది. షుగరూ దిగింది. అర అంగుళానికేం లెండి, వచ్చే వారం చేసేద్దాం," అని కలం తీసింది.

"రాయకండి," అన్నాడు మాస్టరు.

"ఏం?"

"అర అంగుళానికేంలే అని ఇన్నేళ్లూ నేనే అనుకున్నానండీ."

భార్య నెత్తి కొట్టుకుంది. "ఈ బుద్ధి తేదీ ఇస్తున్నప్పుడే పుట్టాలా నీకు?"

మందులు మానకుండా నెల ఆగితే పరవాలేదంది డాక్టరమ్మ. నెల తిరిగేసరికి ముప్పై తొమ్మిది వచ్చింది. ఆపరేషను అయింది. చెప్పినన్ని రోజులు పడుకుని లేచి, మాస్టరు బల్ల దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నం భార్య వచ్చేసరికి ఆరు ప్యాంట్ల గుడ్డ కోసి ఉంది.

"గుండె ఎలా కొట్టుకుంటోందయ్యా?"

"చూసుకోలేదే. పనిలో ఉన్నాను."

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి. షుగరున్నవాళ్లు ఎవరింట్లో ఉన్నా ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు కొలతలు మాత్రం అర అంగుళం కూడా తగ్గించకండి.