నేను ఒరగలేదు

నేను ఒక దీపస్తంభాన్ని. గవ్వలరేవు ముఖద్వారంలో, సముద్రం మధ్య ఒక బండమీద ఉంటాను. ముందు మా అన్నగారి మీద నా ఫిర్యాదు వినండి. ఆయనా దీపస్తంభమే, కాకపోతే ఒడ్డున కొండమీద ఉంటాడు. ఏటేటా రంగులు ఆయనకి, చుట్టూ పూలమొక్కలు ఆయనకి, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ఫొటోలు దిగే జనం ఆయనకి. అలల దెబ్బలూ, పక్షుల రెట్టలూ నాకు. పెద్దవాడు కదా అని ఊరుకున్నాను.

పడవల మీద రాళ్ళు తెచ్చి నన్ను కట్టినవాళ్ళు, నేను నిలుస్తానో లేదో తమకే నమ్మకం లేనట్టు, పని కాగానే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. ఆ అనుమానం నాకూ అంటుకుంది. కిరసనాయిలు దీపం పోయి కరెంటు దీపం వచ్చింది. కాపలాదారులు మారారు. వచ్చినవాడల్లా ముందు నా గోడ తట్టి చూసి గాని మూట దించేవాడు కాదు.

ఈ రేవులో బోట్లు నడిపే సరంగులకి ఒక ఆచారం ఉంది. ఒక్కొక్కరికీ ఒడ్డున ఒక గుర్తు ఉంటుంది. దాన్నీ నన్నూ ఒకే వరసలో పెట్టుకుని వస్తే బోటు రాళ్ళకు తగలదు. ఆ గుర్తేమిటో తండ్రి కొడుక్కి చెబుతాడు గాని కట్టుకున్నదానికైనా చెప్పడు.

ఒక తుపాను వెలిసిన కొద్దిరోజులకి, ఎల్లాజీ అనే సరంగు చేపల వేట నుంచి తిరిగొస్తూ పట్టపగలు బోటుని రేవు ముందరి ముసలిరాయి అనే బండకి కొట్టాడు. బోటు పగిలింది. మనుషులు ఈదుకుని బతికారు. ఒడ్డెక్కుతూనే ఎల్లాజీ నావైపు వేలు చూపించి, గాలికి నేను ఒరిగిపోయానన్నాడు. తాతలనాటి గురి తప్పిందంటే, కదిలింది నేను కాక ఇంకెవరు? రేవంతా నమ్మింది.

నాకు నిద్ర ఎలాగూ లేదు, మనశ్శాంతి కూడా పోయింది. అప్పటి కాపలాదారు జగ్గునాయుడు గ్లాసులో టీ ఒకవైపుకి వాలుతోందేమోనని మెడ వంచి మరీ చూసేవాడు. వంగింది తన మెడేనని గమనించేవాడు కాదు. అతన్ని చూసి నాకూ అనుమానం పట్టుకుంది. పక్షులన్నీ ఒకే పక్కన వాలుతున్నాయేం? ఆనాటి మేస్త్రీ సున్నంలో ఏం కలిపాడో? అన్నగారి దీపం ఈమధ్య మరీ హుషారుగా తిరగడం లేదూ?

ఇంజినీరు వచ్చి దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. అది గాలికి ఊగుతూనే ఉంది. ఎటూ తేల్చలేక, సరంగు మాటే నమ్మి, నా దీపం ఆర్పేయమన్నాడు. కొండమీది దీపం ఒక్కటీ చాలునట.

ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి ఎల్లాజీ కూడా నా మీదికి ఎక్కాడు. వెనకాలే భార్య కాశమ్మ. బోటు పగిలినప్పటి నుంచీ ఆమె అతన్ని ఒంటరిగా నీళ్ళ మీదికి పంపడం లేదు. సముద్రంలోంచి ఊరిని చూడటం ఆమెకి అదే మొదలు.

"మావా, మనిల్లు సూడు. నీలం రంగు ఎంత బాగా అగుపడతందో. నువ్వు యేటకెళ్ళినప్పుడు ఏయించాను. వొచ్చి ఇన్నాళ్ళయింది, ఒక్క మాటన్నావా?"

"మనది తెల్లిల్లు కదే."

"తెల్లటిది మీ తమ్ముడిది. మన రంగు సూసి కుళ్ళుకుని, నువ్వు తిరిగి రాకముందే సున్నం కొట్టించుకున్నాడు."

ఇంటికి వెళ్ళిన మగవాడు కంచం చూస్తాడు గాని గోడ చూడడని నాకప్పుడు తెలిసింది.

ఎల్లాజీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. తెల్ల ఇంటినీ, నీలం ఇంటినీ, ముసలిరాయినీ మార్చి మార్చి చూశాడు. జగ్గునాయుడి చెయ్యి అప్పటికే స్విచ్చి మీద ఉంది. నోరు విప్పితే తాతలు దాచిన గుర్తు నలుగురి పాలవుతుంది, మళ్ళీ ఏ యజమానీ బోటు చేతికివ్వడు. విప్పకపోతే నేను చీకటైపోతాను. విప్పడనే అనుకున్నాను. మనుషుల విషయంలో నా అనుమానాలు సాధారణంగా తప్పవు.

"ఆగండి బాబూ," అన్నాడు, కింద పడవలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించేటట్టు. "దీపం ఒరగనేదు. మా తాత కాణ్ణించీ మా తెల్లిల్లే మాకు గురి. మొన్న మా తమ్ముడింటిని సూసి నా ఇల్లనుకున్నాను. తప్పు నాదే."