బూజు మీద తెల్ల రంగు

లిఫ్టు చెడిపోయి చాలా కాలమైంది. అందుకని జోసీ హార్‌గ్రీవ్స్‌ని అంబులెన్సు వాళ్ళు పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా మోసుకొచ్చారు. మెట్ల మలుపులు ఇరుకు. ప్రతి మలుపులోనూ స్ట్రెచర్ గోడకి కొట్టుకుంటోంది. కొట్టుకున్న చోటల్లా తడిసిన గోడ పెచ్చులూడి ఆ పిల్ల దుప్పటి మీద రాలుతోంది. ముఖాన ఆక్సిజన్ ముసుగు. దానికింద పెదవులు నీలం. క్రోఫ్ట్ హౌస్ హాస్టలు పిల్లలంతా పడుకునే బట్టలతోనే మెట్ల పొడుగునా గోడకి అతుక్కుపోయి నిలబడ్డారు.

కింద వీధి తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది బ్రెండా ఓగ్డెన్. విశ్వవిద్యాలయంలో విద్యార్థి జీవన విభాగం ఆమెది. కొత్తగా చేరిన పిల్లలకి స్వాగతం చెప్పడం, క్లబ్బులు పెట్టించడం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళని పలకరించడం ఆమె పని. కాబోయే విద్యార్థులూ తల్లిదండ్రులూ వచ్చి చూసిపోయే సందర్శన రోజుకి, వాళ్ళని తిప్పి చూపించే గైడు పిల్లలని తయారు చెయ్యడం కూడా ఆమె పనే. జోసీ ఆ గైడుల్లో ఒకతె. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఉబ్బసం మనిషి. గదిలో గోడంతా నల్లగా బూజు పడుతోందని చెప్పీ చెప్పీ ఆ పిల్ల నోరు పోయింది. ఆ పిల్ల తరఫున చెప్పీ చెప్పీ బ్రెండా నోరూ పోయింది. హాస్టలు కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు వచ్చి బూజు మీద తెల్ల రంగు పూసి పోయారు. ఆ రంగులోంచి బూజు మళ్ళీ పొడుచుకొచ్చింది. మళ్ళీ వచ్చి మళ్ళీ పూశారు.

స్ట్రెచర్ ఇంకా గుమ్మం దాటలేదు. బ్రెండా ఫోను మోగింది. ఆమె పై అధికారి గ్రెగరీ ఫాన్‌షా.

"బ్రెండా, పిల్లల్ని అక్కణ్ణించి తప్పించు. క్యాంటీన్‌కి తీసుకుపోయి పిజ్జాలు పెట్టించు. వీడియోలు తియ్యనివ్వకు. సందర్శన రోజు దగ్గర పడింది, గుర్తుందిగా?"

"పిల్లకి ఊపిరందట్లేదు, గ్రెగరీ."

"అందుకే చెబుతున్నా. ఊళ్ళో పుకార్లు లేవకూడదు."

ఆసుపత్రికి చేరాక మరి కాసేపటికే జోసీ చచ్చిపోయింది. చచ్చిపోయింది అనకూడదు. చంపారు అనాలి. ఇది వింటున్న కార్మికులూ విద్యార్థులూ ఆ తేడా మరిచిపోకండి.

కూతురి సామాన్లు తీసుకుపోవడానికి తల్లి మాక్సీన్ వచ్చింది. కొండకి అవతలి ఊళ్ళో ఒక బడిలో వంట చేస్తుందామె. బ్రెండా ఆమెని వెంటబెట్టుకుని పైకి తీసుకెళ్ళింది. గది తలుపు తీసే ఉంది. లోపల నిచ్చెన మీద ఒక మనిషి గోడకి తెల్ల రంగు వేస్తున్నాడు. జోసీ పుస్తకాలు, చెప్పులు, ఉన్ని టోపీ అన్నీ ఒక మూల కుప్పగా తోసి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు.

మాక్సీన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు రంగు వెయ్యమని?"

"పైవాళ్ళు చెప్పారమ్మా. నన్నంటే నేనేం చేసేది?"

"నా బిడ్డని ఇంకా పూడ్చనైనా లేదు. మీరప్పుడే గోడని పూడ్చేస్తున్నారా?"

అతను నిచ్చెన దిగి, బకెట్టు తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. మాక్సీన్ ఏడవలేదు. బ్రెండా మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు పట్టుకుని చూసింది.

"ఈ ఫొటోలో బాగా నవ్వుతున్నావే. ఎవరి తరఫున నవ్వుతున్నావు తల్లీ?"

బ్రెండా కార్డు చొక్కా లోపలికి తోసేసింది. బట్టలు సర్దడంలో చెయ్యి సాయం చేసింది. పెట్టె మోసి కారులో పెట్టింది. కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, ఎదురుగా అద్దాల గోడలతో వెచ్చగా మెరుస్తున్న పరిపాలనా భవనం వైపు చూసింది. తనది దుఃఖమనుకుంది ముందు. కాదు, కసి.

ఫాన్‌షాకి మాత్రం మరో ఆలోచన వచ్చింది. "పిల్లల మనసులు కుదుటపడాలి. పచ్చికలో కుక్కపిల్లల్ని పెట్టిద్దాం. ముద్దు చేసుకుంటారు. కేకులు కూడా. ఫొటోలు తీయించు, బ్రెండా, నవ్వే ముఖాలు."

కుక్కపిల్లలు వచ్చాయి. కేకులు వచ్చాయి. పిల్లలూ వచ్చారు. కానీ ఒక్కరూ నవ్వలేదు. అందరికంటే ముందు జైనబ్ ఫారా నిలబడింది. సోమాలియా నుంచి వచ్చి షెఫీల్డ్‌లో స్థిరపడిన కుటుంబం. నర్సింగు చదువుతోంది. జోసీ పక్కగది, తనూ గైడే.

"మా జోసీ చచ్చిపోతే మాకు కుక్కపిల్లలా? ఎవరి బుర్రలో పుట్టిందిది?"

"కేకు తింటే ఏడుపు ఆగుతుందనుకున్నారు కాబోలు!" అన్నాడు డార్సీ. రగ్బీ ఆడే కుర్రాడు, తలుపంత మనిషి.

"ఈవిణ్ణే అడగండి. నవ్వుల బ్రెండా! వాళ్ళు పాడమంటే పాడుతుంది, ఆడమంటే ఆడుతుంది," అన్నారు వెనకనుంచి ఎవరో.

కాస్త దూరంలో నిలబడి ఫాన్‌షా చేత్తో సైగ చేస్తున్నాడు, కానివ్వు కానివ్వు అని. బ్రెండా కుక్కల్ని తెచ్చిన ముసలాయన దగ్గరికి వెళ్ళింది. "పాపం, వీటి తప్పేముంది. ఇంటికి తీసుకుపోండి," అంది. తరవాత జైనబ్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు ఆ ఫాన్‌షా గొంతు నులమాలనుంది. మీకేం చెయ్యాలనుంది?"

జైనబ్ ఆమె ముఖంలోకి చూసింది.

"మాకూ అదే. కానీ నులమాల్సిన గొంతులు పైన చాలా ఉన్నాయి, బ్రెండా. మీవి రెండే చేతులు."

"అందుకే మీ దగ్గరికొచ్చా."

మర్నాడు క్రోఫ్ట్ హౌస్ బట్టలుతికే గదిలో కలుసుకున్నారు. గైడు పిల్లలు, హాస్టలు పిల్లలు, గదులు తుడిచే ఆడవాళ్ళు. చోటు చాలక కొందరు వాషింగ్ మెషీన్ల మీదెక్కి కూచున్నారు. పాచిపనివాళ్ళ యూనియన్ తరఫున డాట్ టాటర్సాల్ వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, గొంతు కంచు.

"కారు తగలెడదాం," అన్నాడు డార్సీ. "ఫాన్‌షా కారు. కంపెనీ మేనేజరుది కూడా."

ఈలలు, చప్పట్లు. డాట్ అవి ఆగేదాకా ఊరుకుంది.

"తగలెట్టు నాయనా. రేపు పేపర్లో కారు బొమ్మ వస్తుంది. పిల్ల బొమ్మ రాదు."

జైనబ్‌కి రోషం వచ్చింది. "మీకేం, చెబుతారు. సాయంత్రానికి మీ ఇంటికి మీరు పోతారు. ఆ బూజులో పడుకునేది మేము."

"మీకేం పిల్లా, మూడేళ్ళకి డిగ్రీ పట్టుకుని పోతారు! ఆ బూజు గీకి గీకి మా మేరీ ఛాతీ పట్టుకుపోయింది. పోయినేడు మాస్కులూ గ్లవ్వులూ కావాలని మేం గేటు దగ్గర జెండా పట్టుకు నిలబడితే మీలో ఎంతమంది వచ్చారు? కాఫీలు తాగుతూ మా పక్కనుంచి పోలేదూ?"

ఎక్కడో ఒక యంత్రం బట్టలు తిప్పుతోంది.

"రాలేదు," అంది జైనబ్. "తప్పే. ఇప్పుడు మేమొచ్చాం. మీరొస్తారా?"

డాట్ తనవాళ్ళ వైపు తిరిగి చూసింది. తరవాత చెయ్యి చాపింది. "జరుగు మరి, నాకూ కాస్త చోటివ్వు." జైనబ్ మెషీన్ మీద పక్కకి జరిగింది.

అప్పుడు బ్రెండా లేచింది.

"వాళ్ళు అమ్మేది ఏమిటో నాకు తెలుసు. చదువు కాదు, గదులూ కాదు. మీ నవ్వులు. వాటిని సర్ది, తుడిచి, అంగట్లో పెట్టే కొలువు నాది. సందర్శన రోజున వందల కుటుంబాలు వస్తాయి. వాళ్ళ ముందు నడిచేది ఫాన్‌షా కాదు, మీరు. మీరెటు నడిస్తే వాళ్ళటే వస్తారు."

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. డార్సీకే ముందు అందింది. మెషీన్ మీద గుద్దాడు. "క్రోఫ్ట్ హౌస్‌కి!"

"నీ ఉద్యోగం ఊడుతుంది బంగారం," అంది డాట్.

"ఊడనీ. ఊరికే మాత్రం ఊడనివ్వను."

సందర్శన రోజు వచ్చింది. బస్సులు, కార్లు, గొడుగులు, బెదురుచూపుల పిల్లలు, వాళ్ళకంటే బెదిరిపోయిన తల్లిదండ్రులు. ఊదారంగు చొక్కాల్లో గైడులు వరసగా నిలబడ్డారు. ఫాన్‌షా చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"లైబ్రరీ, వ్యాయామశాల, నమూనా గది, తరవాత సభామందిరం. క్రోఫ్ట్ హౌస్ వైపు ఒక్క అడుగు కూడా పడకూడదు. తెలిసిందా?"

"దారి నాకు తెలుసు," అంది బ్రెండా.

జైనబ్ చెయ్యెత్తింది. "రండమ్మా, రండి సార్. మీ పిల్లలు నిజంగా ఎక్కడ ఉండబోతున్నారో చూద్దురుగాని."

ఒక గుంపు కదిలింది. దాని వెనక ఇంకొకటి. లైబ్రరీ దగ్గర తిరగాల్సిన చోట ఎవరూ తిరగలేదు. సభామందిరంలో ఉపకులపతి ఖాళీ కుర్చీల ముందు మైకు సరిచేసుకుంటున్నాడు. గుంపులన్నీ క్రోఫ్ట్ హౌస్ మెట్లెక్కుతున్నాయి. గదుల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గది గదికీ ఒక పాచిమనిషి, చేతిలో గీకుడు కత్తి. జోసీ గదిలో డాట్.

డాట్ గోడ మీద కత్తి ఆనించి పైనుంచి కిందికి లాగింది. తెల్ల రంగు చర్మంలా ఒలుచుకొచ్చింది. కింద నల్లగా, తడిగా, బొచ్చు పట్టినట్టున్న గోడ. ముక్కు పుటాలదిరే వాసన.

ఒక తల్లి తన కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మావాడికీ ఉబ్బసమే," అంది ఎవరితోనూ కాకుండా.

"ఈ గదిలో ఉన్న పిల్ల ఏమైంది?" ఒక తండ్రి అడిగాడు. చేతుల నిండా సిమెంటు మచ్చలు, తాపీపనివాడు కాబోలు.

"చచ్చిపోయింది," అంది జైనబ్. "ఈ మెట్ల మీదుగానే మోసుకుపోయారు. కంపెనీవాళ్ళు వచ్చి రంగు పూశారు."

అంత మంది ఒక్కసారి గుర్రుమన్నట్టయింది. అది మెట్ల మీదుగా కిందికి పాకింది. అప్పుడే ఫాన్‌షా, అతని వెనక కంపెనీ మేనేజరు, జనాన్ని తోసుకుంటూ పైకొచ్చారు.

"దయచేసి అందరూ కిందికి రండి! ఇదొక్క గదే! మిగతావన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇది కూడా ఉండడానికి పూర్తిగా పనికొచ్చే గదే, మా పరీక్షల్లో తేలింది," అన్నాడు ఫాన్‌షా.

"పనికొస్తుందా?" బ్రెండా గొంతు పెంచలేదు. "అయితే ఈ రాత్రికి ఇక్కడే పడుకో, గ్రెగరీ. మంచం ఉంది."

"ఏం పిచ్చి మాటలు!"

"పడుకో!" అన్నాడు డార్సీ వెనకనుంచి. తాపీపనివాడు అందుకున్నాడు. పిల్లలందుకున్నారు. మెట్ల కింద, వీధిలో ఉన్నవాళ్ళూ ఏమిటో సరిగ్గా తెలియకుండానే అందుకున్నారు. "పడుకో! పడుకో!"

గుంపు రెండుగా చీలి దారిచ్చింది. మాక్సీన్ వచ్చింది. బ్రెండా రమ్మంటే వచ్చింది, నల్లకోటు వేసుకుని.

"నా కూతురు పడుకుందిగా. నువ్వెందుకు పడుకోవు?"

ఫాన్‌షా ఆ వాసన భరించలేక, తనకే తెలియకుండా, జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక గ్రహించాడు. అప్పటికే గదంతా చూసింది. నవ్వు పుట్టింది, కత్తిలాంటి నవ్వు. కంపెనీ మేనేజరు గోడవారగా జారుకోబోతే పాచిపని ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. "కాసేపు పీల్చండి బాబూ, మేం రోజూ పీలుస్తాం."

బ్రెండా ఫాన్‌షా ముఖంలో రంగు దిగిపోవడం చూసింది. తియ్యగా ఉంది. చాల్లేదు.

పోలీసులొచ్చారు. ఫాన్‌షా ముందు బ్రెండా వైపు, తరవాత జైనబ్ వైపు వేలు చూపించాడు. "ఈమెని ఈ క్షణమే ఉద్యోగంలోంచి తీసేశాను. ఇక ఈమె ఇక్కడ చొరబాటుదారు. ఆ పిల్ల కూడా అల్లరి లేపుతోంది."

"మర్యాదగా బయటికి నడవండమ్మా," అన్నాడు పోలీసు.

బ్రెండా జోసీ మంచం మీద కూచుంది. జైనబ్ వచ్చి ఆమె చేతిలో చెయ్యి పెనవేసి పక్కన కూచుంది. ఇద్దరినీ లేవదీసి, బేడీలు వేసి, మెట్ల మీదుగా దించారు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు వాళ్ళ భుజం తట్టారు.

వాళ్ళని వ్యానెక్కిస్తుండగా మెట్ల పైనుంచి డార్సీ అరుపు వినిపించింది.

"వాడు మన గదుల్లో పడుకోడట! అయితే మనమే వాడి గదుల్లో పడుకుందాం! పరుపులెత్తండి!"

కాసేపు ఏమీ జరగలేదు. తరవాత క్రోఫ్ట్ హౌస్ గుమ్మంలోంచి ఒక పరుపు బయటికొచ్చింది. కింది పక్కంతా నల్ల మచ్చలు. ఒక కొసన డార్సీ, ఇంకో కొసన తాపీపనివాడు. దాని వెనక ఇంకో పరుపు. ఇంకోటి. పిల్లల తలల మీద, తండ్రుల భుజాల మీద, తల్లుల చేతుల్లో పరుపులు పచ్చిక దాటి అద్దాల భవనం వైపు నడిచాయి. మాక్సీన్ దిండ్లు మోసుకుపోతోంది. ఫాన్‌షా అడ్డం పరిగెత్తాడు.

"డాట్! తలుపులు! తాళం వెయ్యి!"

డాట్ అప్పటికే అద్దాల తలుపు తెరిచి, దానికి తుడుపుకర్ర అడ్డం పెట్టింది. "ఈ పూట మాకు సమ్మె, మిస్టర్ ఫాన్‌షా. తాళాలు మీరే వేసుకోండి."

ఫాన్‌షా తలుపు మీద చెయ్యి వేసేలోగా మొదటి పరుపు లోపలికెళ్ళిపోయింది.

వ్యాను కదలలేదు. కదలడానికి దారి లేదు. రోడ్డు నిండా మనుషులు. కిటికీ జాలీలోంచి చూస్తున్న జైనబ్ ఉన్నట్టుండి బ్రెండాని మోచేత్తో పొడిచింది. "అటు చూడండి." రోడ్డుకి అవతల, ఆ కంపెనీదే, ఇంకో హాస్టలు ఉంది. అక్కడ కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. పిల్లలు పరుపుల్ని కిటికీల్లోంచి కిందికి విసిరేస్తున్నారు. కింద వాటిని పట్టుకునేవాళ్ళు పట్టుకుంటున్నారు.

వాన మొదలైంది, ఆ ఊరి వాన, పక్కలనుంచి కొట్టే వాన. ఒక్కరు కూడా పరుపు దించలేదు.