అర నిమిషం నిద్ర

"చొక్కా ఇస్త్రీ అయ్యిందా?" అని దేవరాజ్ కేకేసేసరికి గ్రేసీ ల్యాప్‌టాప్ ముందునుంచి లేచింది. అది ఇచ్చి కూర్చోబోతే అత్తగారు సౌభాగ్యమ్మకి వేణ్ణీళ్ళు కావాలి. "ఇంట్లో కూచుని బొత్తాలు నొక్కటవేగా, అదేమన్నా మిరప కోతా?" అంటుందావిడ. జగ్గయ్యపేటలో ఇంటెడు చాకిరీ చేసుకుంటూ ఈ పిల్ల రాసే ప్రోగ్రాములు నందిగామలో మొగుడి ఆఫీసు బోర్డు కింద అమ్ముడుపోతాయి. బాగుంటే "నేనే రాశా". చెడితే "మా ఆవిడ టైపింగులో పొరపాటు". ఎంత తేలిగ్గా అంటాడో!

ఇప్పుడు చెడింది. చిల్లకల్లు అవతల సిమెంటు ఫ్యాక్టరీలో లారీ నింపే గొట్టం, నింపాక అర నిమిషం ఆగి పైకి లేవాలి. ఒక్కోసారి ఆగకుండానే లేచి డ్రైవర్ల నెత్తిన సిమెంటు కుమ్మరిస్తోంది. కారణం గ్రేసీ పొద్దున్నే పట్టేసింది. అక్కడి కంప్యూటర్ని నడిపే యూనిక్స్‌లో ప్రోగ్రాముని ఇంతసేపు నిద్రపొమ్మంటే పోతుంది గానీ, మధ్యలో ఏ సిగ్నలన్నా వచ్చి తడితే లేచి తన దారిన పోతుంది. మిగిలిన నిద్ర ఎంతో కనుక్కుని మళ్ళీ పడుకోబెట్టాలి. ఆ లైన్లు గ్రేసీ రాసింది. "ఎందుకీ సాగదీత?" అని దేవరాజ్ తీసిపారేశాడు. చూడగానే ఒళ్ళు మండిపోయింది. చెప్పిందా? చెప్పలేదు. చెప్తే అదీ ఆయన తెలివే అయిపోతుంది. "ఫ్యాక్టరీకి నువ్వూ రా, పక్కన కూచుని మెల్లిగా అందించు" అన్నాడు. సరేనని బండెక్కింది.

"మా ఆవిడ టైప్ చేసింది సార్, అక్కడే తేడా కొట్టింది" అన్నాడు ఫ్యాక్టరీలో.

"పోన్లెండి, మీరు సరిచేయండి" అని ఇంజనీరు సర్ఫరాజ్ కుర్చీ చూపించాడు.

దేవరాజ్ తెర పైకీ కిందకీ జరిపాడు. గ్రేసీని మోచేత్తో పొడిచాడు. గ్రేసీ ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

"అర నిమిషం చాలట్లేదు సార్, నిమిషం పెడదాం" అన్నాడు చివరికి. మనుషుల్ని దూరంగా పంపి ఖాళీ గొట్టంతో పరీక్షించారు. సిగ్నల్ రాగానే, నిమిషం కాకుండానే గొట్టం లేచి కూచుంది.

"సార్, ఇకనుంచి ఈ పని నా పేరు మీద ఇస్తానంటే ఇప్పుడే బాగుచేస్తా" అంది గ్రేసీ.

సర్ఫరాజ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అట్లాగే ఇస్తానమ్మా. ఎంతసేపు పడుద్ది?"

"మా ఆయన్ని వెళ్ళి మనిద్దరికీ టీ పట్టుకురమ్మనండి సార్. ఆయనొచ్చేలోపు అయిపోద్ది."