నలభై ఇద్దరి సీసాలు

మూత్రం పట్టే పాత్ర ఏ పదార్థంతో చేసినదన్న ప్రశ్న మీదనే సామ్రాజ్యాలు నిలుస్తాయి, కూలుతాయి. కావోష్యుంగ్ రేవు వెనకనున్న కర్మాగారంలో, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నూనె కలిపే గదిలో, ఒక మంగళవారం ఈ సత్యం నిరూపితమైంది.

కిందటిసారి ఆ గది ఆడవాళ్ళ మూత్రంలో ఆ నూనె జాడ మితికి పదింతలు తేలింది. తప్పు గదిది కాదనీ, మూత్రం పట్టిన ప్లాస్టిక్ కప్పుదనీ, ప్లాస్టిక్ సంచుల్లో కొని తాగే వేడి చారుదనీ కంపెనీ వైద్యుడు తీర్పిచ్చాడు. ఆ గదిలోనే పనిచేసే ష్యూ-జెన్ కడుపులో రెండుసార్లు బిడ్డ నిలవలేదు. జాడ నిజమని రుజువైతేనే గదిలో ఆవిరి లాగే పంకాలు పెడతారు.

మళ్ళీ పరీక్ష అనగానే, ఆ గది ఆడవాళ్ళు నలభై ఇద్దరూ వారంపాటు ప్లాస్టిక్ ముట్టకుండా ఉక్కు డబ్బాల్లోనే తిన్నారు. మంగళవారం మేనేజరు మళ్ళీ అవే ప్లాస్టిక్ కప్పులు పంచి, తలుపు మూయించాడు.

"కప్పు నింపినోళ్ళే బయటికి."

"మళ్ళీ ఇవేనా సారూ? రేపు మళ్ళీ తప్పు కప్పుదే అంటారు! మేం గాజు సీసాలు తెచ్చుకున్నాం, వాటిల్లో ఇస్తాం!" అంది ష్యూ-జెన్.

"నీకెందుకమ్మా ఆ గొడవ? పోసిచ్చి పో."

"పొయ్యం!" అందరిలోకీ పెద్దదైన యుయె-తావ్ లేచింది. "ఒక్క చుక్క పొయ్యం! ఏమర్రా, బిగబట్టండే!"

చేతులు ముడిచి చేసే సమ్మెలను లోకం చాలానే చూసింది. ఈ సమ్మె కాళ్ళు ముడిచి సాగింది. గదికి కిటికీ లేదు. గంట గడిచింది, రెండు గడిచాయి. నూనె వాసన గొంతులో పేరుకుంది.

"తావక్కా, నావల్ల కాదే."

"మేనేజరు మొహం చూడవే, దానంతటదే ఎండిపోద్ది."

"నవ్వించకక్కా, కొంప మునుగుద్ది!"

మూడో గంటకు, కలిపే యంత్రాలు ఆగినందుకు పైనుంచి ఫోనొచ్చింది. మేనేజరు కప్పులు వెనక్కి తీసుకున్నాడు. "ఏడవండి, మీ సీసాల్లోనే!"

అన్నం సంచుల్లోంచి, పులిసిన సోయా జున్ను తోఫు అమ్మే నలభై రెండు గాజు సీసాలు బయటికొచ్చాయి. ఇంట్లో రెండేసిసార్లు మరిగించినవి. నిండిన ప్రతి సీసా మీదా మేనేజరు చేత సంతకం పెట్టించారు. ప్రభుత్వ పరీక్షశాలకు వాటిని పసిబిడ్డల్లా గుండెలకు హత్తుకుని, నడిరోడ్డు మీద, బండ్లను ఆపుతూ నడిచారు.

పరీక్షశాల ఉద్యోగిని మొదటి సీసా అందుకుని, రేకుమూత తిప్పి తీసి, మూత లోపలివైపు చూసింది. అంచు చుట్టూ మెత్తటి తెల్లని పొర, తడిగా.

"ఇదీ ప్లాస్టికే కదమ్మా. ఎక్కడ తయారవుద్దో ఇది?"

ష్యూ-జెన్ తల వంచుకుంది. ఆ పొరకు నూనె పోసి ముద్ద కలిపేది వాళ్ళ గదిలోనే.