బావ దిద్దిన ముఖం

మా బావ ఎసాయాస్ చేయి పడితే ఎలాంటి ముఖమైనా అందంగా మారిపోయేది. అదే ఆయన గొప్ప. మా ఖర్మ కూడా అదే.

ఆయన ఓడల ముందు కొసన బొమ్మలు చెక్కే వడ్రంగి కొడుకు. స్టాక్‌హోమ్ వెళ్ళి, అక్కణ్ణించి రోమ్ వెళ్ళి, ఏళ్ళ తరబడి పాత రాతి దేవుళ్ళ మధ్య బతికి మంచుదేశంలోని మా తుర్కు ఊరికి తిరిగొచ్చాడు. రాగానే విశ్వవిద్యాలయం హాలు గోడకి శిల్పాలు చేసే పని దొరికింది. మా రైతులు, జాలర్లు, చేపలమ్మేవాళ్ళు, తారు కాచేవాళ్ళు అందరూ ఉన్నారందులో. అందరికీ నుదుటి నుంచి గీత గీసినట్టు దిగే ముక్కు, నున్నటి బుగ్గలు, కనుపాపలు లేని కళ్ళు.

చేపలమ్మే లోవీసా వాటిని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా, ఈవిడ చేపలమ్మేదా? జన్మలో ఒక్క చేప పొట్టైనా చీల్చిందా?"

బావ నవ్వేశాడు. "నువ్వూ ఇలాగే ఉంటావు లోవీసా, పైనున్న చెత్తంతా తీసేస్తే."

ఆ మాట అప్పుడు నాకూ నవ్వు తెప్పించింది.

కొన్నేళ్ళకి ఒక ఫిబ్రవరిలో గొంతుజబ్బొచ్చి మా అక్కాబావల కూతురు సిస్లా పోయింది. ఆరేళ్ళ పిల్ల. అంతకుముందే మశూచి వచ్చి తగ్గడంతో బుగ్గల నిండా గుంటలు. ముక్కేమో మా పుట్టింటి ముక్కు, మధ్యలో బుడిపె, కొస కాస్త ఎడమకి. అక్కదీ అదే, నాదీ అదే. చలికాలం మా నేల గునపానికి లొంగదు. పోయినవాళ్ళు నేల మెత్తబడేదాకా చర్చి వెనక కొట్టంలో పడుకోవలసిందే. సిస్లాని కూడా అక్కడే పెట్టాం.

మా అక్క వాల్పురి ఏడవలేదు. బావ చెయ్యి పట్టుకుని, "ముందు పోయిన ఇద్దరు మగపిల్లల ముఖాలు నాకిప్పుడు గుర్తు రావట్లేదయ్యా," అంది. "కళ్ళు మూసుకుంటే రొట్టెపిండి ముద్దల్లా కనబడుతున్నారు. దీని ముఖమైనా నాకు మిగల్చు. నీ చేతిలో పనే కదా."

"మిగులుస్తా," అన్నాడు బావ. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో నాకు అనుమానం లేదు.

కొట్టంలో ప్లాస్టర్ గడ్డకట్టకుండా వేడినీళ్ళు నేనే మోశాను. ఆయన పిల్ల కనుబొమ్మలకి పందికొవ్వు రాసి, పైన ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. ఇంటికి తెచ్చి ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోశాడు. అది గట్టిపడ్డాక అచ్చుని ఉలితో ముక్కముక్కగా ఊడగొట్టాలి. అప్పుడే బొమ్మ బయటపడుతుంది. ఒక అచ్చుకి ఒకటే బొమ్మ, ఇక రెండోది లేదు.

చివరి ముక్క ఊడేసరికి సిస్లా. ప్రతి గుంటా ఉంది, ముక్కు మీద బుడిపె ఉంది. నేను భోరుమన్నాను.

"అక్కని పిలుస్తానుండు బావా."

"ఇలాగా? వద్దు అగ్నేతా. కాస్త సరిచెయ్యనీ."

"కాకిపిల్ల కాకికి ముద్దు. అక్కకి ఇదే కావాలి!"

"తల్లికి చచ్చినపిల్లని చూపించమంటావా? నేనేం కసాయివాణ్ణా?" అని నన్ను బయటికి పంపి గడియ పెట్టుకున్నాడు. లోపల ఆకురాయి గీకుడు వసంతం దాకా వినబడుతూనే ఉంది. ఆ తలుపు తన్నాలనిపించేది నాకు.

నేల మెత్తబడింది. సిస్లాని పూడ్చేశాం. ఆ మర్నాడు బావ తలుపు తీసి బొమ్మ మీది గుడ్డ తొలగించాడు. పాలమీగడ లాంటి బుగ్గలు, నిటారు ముక్కు, నిద్రపోతున్న దేవకన్య.

అక్క చాలాసేపు చూసింది. "చక్కగా ఉంది. ఎవరి పిల్ల?"

"మన సిస్లా. దేవుడి దగ్గర ఇలాగే ఉంటుంది."

"దేవుడి దగ్గరిది నాకెందుకయ్యా, నా దగ్గరున్నది కావాలన్నాను." తన ముక్కు తడుముకుంది. "ఇందులో నేను కూడా లేను. అచ్చు ఏది?"

"పగలగొట్టాకే కదా బొమ్మ వచ్చేది," అన్నాడు. ఆయనకి తప్పు అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "గుంటలు ఎక్కడెక్కడుండేవి? బుడిపె ఎంతుండేది?" అని అడిగి మట్టిలో మళ్ళీ మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు చేసినా ఆ వేళ్ళ కింద ముక్కు నిటారుగానే లేచేది. కంటికి కనబడుతున్నది చేతికి రాలేదు. ఒకరోజు మట్టంతా తొట్టిలో పడేసి మొహం కప్పుకున్నాడు. అంత మండిపడ్డ నాకూ జాలేసింది.

ఊళ్ళో మాత్రం ఆ బొమ్మ గొప్పదైపోయింది. ప్రొఫెసర్ల భార్యలు వచ్చి కళ్ళొత్తుకునేవాళ్ళు. అక్క వాళ్ళకి కాఫీ పోసి రోజూ బొమ్మ మీది దుమ్ము తుడిచేది. మొదట్లో మొహం తిప్పుకుని తుడిచేది, తర్వాత చూస్తూ తుడిచింది, ఆ తర్వాత దానితో మాటలు మొదలుపెట్టింది.

మరుసటి శీతాకాలం ముగ్గురం గంజి తాగుతున్నాం. నా ముక్కు చలికి ఎర్రబడితే నవ్వుతూ అన్నాను. "మన ముక్కే అంత. పాపం సిస్లాకీ ఇలాగే కందిపోయేది."

అక్క నా వైపు వింతగా చూసింది. "సిస్లాకా? దానికి మన ముక్కు ఎక్కడ వచ్చిందే! నిటారు ముక్కు దానిది. బుగ్గలు వెన్నలా ఉండేవి. కళ్ళు మూసుకుంటే చాలు, ఎదురుగా వచ్చి నిలబడుతుంది." ఆ పిల్ల పోయాక అక్క మొహంలో సంతోషం చూడడం నాకదే మొదలు. "కావాలంటే మీ బావని అడుగు. ఏమయ్యా?"

బావ గంజిలోంచి తలెత్తి ఆమె ముక్కు వంక చూశాడు.

"అవును," అన్నాడు. "నిటారు ముక్కే."