షాఫ్టు నొసటి బొట్టు

ఫాల్గునమాసము ముగియవచ్చెను. పలమనేరు పరిసరములయందలి చింతచెట్లు నవపల్లవములచే తామ్రవర్ణము దాల్చి ప్రాతఃకాలపు లేతయెండలో మెరయుచుండగా కుమ్మరివాడలో కుండలు కాల్చు ఆవములనుండి వెడలు ధూమము మందమారుతమునకు వంగి మిట్టల మీదుగా ప్రాకుచుండగా కాలిన మంటి వాసన వీథులెల్ల నిండియుండెను. వేసవి రాకకు ముందే జనులు నీటికూజాలకై ఎదురుచూచు దినములవి. అట్టి ఉదయమున దేశమ్మ యను కుమ్మరిస్త్రీ ఆవము నొద్దనుండి వరిగడ్డిలో పొదిగిన ఎర్రని కూజాలను మోయుచు బయలుదేరిన పికప్పు బండి పది బారలు పోకమునుపే వెనుకభాగమున ఠంగుమని మ్రోగి అదరెను. ఆ అదురుతో గడ్డిలోపల ఎచ్చటనో ఒక కూజా పెటుక్కుమనెను.

దేశమ్మ బండికి అడ్డముగా వచ్చి నిలిచెను.

"దించేయ్ రాయుడూ. మూడు తూర్లు చూసినా. మట్టి తొక్కేది నేను, పగలగొట్టేది నీ బండా? ఆదివారం లోపల ఆ సప్పుడు నిలిపితే సరి. లేదంటే వేరే బండి చూసుకుంటా."

"నిలుపుతాలే అక్కా."

ఇట్లు పలికిన చెంగల్రాయుడు ఆ బండికి యజమానియు సారథియు. ఏబదియేండ్లవాడు. మితభాషి. ఏడాది క్రిందట భార్య కుప్పమ్మ గతించిననాటినుండి వానికి మిగిలినవి ఆ బండియు దేశమ్మ కూజాలను మొగిలి కనుమ దింపి చిత్తూరు చేర్చు పనియు మాత్రమే. బండి మూలుగుచుండగా పని చేజారుచుండెను.

మరమ్మతు జరుగకపోలేదు. ఒకడు ఇంజను శక్తిని వెనుకయిరుసునకు చేర్చు ప్రొపెల్లరు షాఫ్టుయందు కీలువలె తిరుగు క్రాసును మార్చెను. వేరొకడు దాని నడిమి బేరింగును మార్చి స్ప్రింగుకట్టల బోల్టులన్నియు బిగించెను. ఇరువురును విప్పుటయందు శూరులు. వినుటయందు బధిరులు. శబ్దము యథాప్రకారము బండి కదలినప్పుడొకమారును నిలిచినప్పుడొకమారును మ్రోగుచునే యుండెను.

పుంగనూరు త్రోవలో రేకులకొట్టమున దస్తగిరి యను వృద్ధుడు బండ్లు బాగుచేయుచుండెను. తుదకు చెంగల్రాయుడు బండిని వాని కడకు తోలెను. పలకయు బలపమును ఎరుగక బాల్యమునుండి సుత్తియు పానాయును పట్టి పెరిగినవాడును అర్ధశతాబ్దముగా ఇనుపయంత్రముల ఆర్తనాదములను రోగి పలుకులవలె ఓపికతో ఆలకించినవాడును తనకు తెలియనిదానిని తెలియునని ఏనాడును చెప్పనివాడును అగు ఆ వృద్ధుడు ఆ దినమున పానా ముట్టలేదు. బండిని నడిపించి పాదరక్షలు విడిచి తొట్టిపై అరచేయి ఆనించి దానివెంట నడచెను. నిలుపుమనెను. మరల నడపుమనెను. ఆరుమారులట్లు చేసిన పిదప చక్రములకు రాళ్లు పెట్టించి బండి క్రిందికి దూరి చాలసేపటికి వెలికి వచ్చెను.

"క్రాసు బాగుండాది. బేరింగు బాగుండాది. ఊరికే మార్చినారు. నీ బండికి ఆకలైతాండాది రాయుడన్నా."

"ఆకలా?"

"షాఫ్టులో ఒక రాడ్డు ఇంకో రాడ్డులోకి దూరి ముందుకీ వెనక్కీ జరగతా ఉంటాది గదా. ఆ గాడిలో గ్రీజు లేదు. ఎండిపోయి పట్టేస్తాది. మళ్ళా ఒక్కసారిగా జారి గుద్దుతాది. గ్రీజు ఎక్కించే నిప్పలు మీద చూస్తే ఇంత మందాన పసుపు కుంకం ఉండాది. ఎవురు పెట్టింది?"

"మా ఇంటామె."

ఆరేండ్ల క్రిందట ఆ బండి క్రొత్తగా వచ్చిన శుక్రవారమున కుప్పమ్మ పసుపుగిన్నె చేతబట్టి దాని చుట్టును తిరిగి "దీనికి నొసలు యాడుండాదయ్యా?" అని యడిగెను. చెంగల్రాయుడు వేళాకోళమునకు బండి క్రింద పొడుచుకొనియున్న ఆ నిప్పలును చూపి "ఇదో, ఇదే" అనెను. ఆమె దానిని వేళాకోళముగా తీసికొనలేదు. నాటినుండి ప్రతి శుక్రవారమును కొంగు నడుమున దోపి బండి క్రిందికి దూరి అచ్చట బొట్టు పెట్టుచువచ్చెను. మొదట వానికి నవ్వు వచ్చెడిది. పిదప నవ్వు పోయెను. నిజము చెప్పుటకు మాత్రము నోరు రాలేదు. గ్రీజు పెట్టువారు వచ్చినప్పుడెల్ల అది పూజలో నున్నదనియు దాని జోలికి పోరాదనియు వాడే వారించుచుండెను. ఆమె పోయిన పిదప మరింత గట్టిగా వారించెను.

"ఆ మెకానిక్కులకి దాన్ని తాకొద్దని నువ్వే చెప్పింటావు" అని దస్తగిరి పలికెను.

"చెప్పినా."

"అయితే తెలిసే తిరగతాండావు."

చెంగల్రాయుడు మొగము త్రిప్పుకొని "గీకేయ్ దస్తగిరన్నా" అనెను.

"నేను గీకను. నా చెల్లెలట్లాంటి మనిషి పెట్టిన బొట్టు. పెట్టించింది నువ్వు. తీసేది గూడా నువ్వే."

ఇట్లని ఆ వృద్ధుడు వానికొక సన్నని స్క్రూడ్రైవరు నొసగి తానును వానితో బండి క్రిందికి దూరెను. ఇరువురును నేలపై ప్రక్కప్రక్కన వెల్లకిల పరుండిరి. చెంగల్రాయుని చేయి రెండుమారులు పోయి రెండుమారులు వెనుకకు వచ్చెను. మూడవమారు అంచున కదలిక పుట్టి అయిదేండ్ల శుక్రవారములు పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన ఆ ముద్ద చెదరక ఒక్కపెట్టున ఊడి క్రింద సిద్ధముగా చాచియున్న దస్తగిరి అరచేతిలో పడెను.

షాఫ్టు ఆసాంతము త్రుప్పుపట్టియుండగా ఆ బొట్టు క్రింది నిప్పలు మాత్రము నిన్న బిగించినట్లు ధగధగ మెరయుచుండెను. కుప్పమ్మ దానిని చెడనీయలేదు. తెరవనీయనివాడు భర్త.

"కంపెనీ వాడు గూడా ఇంత బాగా మూసుండడన్నా" అని దస్తగిరి పలికి ఆ ముద్దను తన శుభ్రమైన చేతిగుడ్డలో చుట్టి వాని జేబునందుంచెను. పిమ్మట గ్రీజుగన్ను ఆనించి నొక్కగా గాడి అంచునుండి మొదట త్రుప్పునీరును తరువాత నల్లని మడ్డియు తుదకు నిర్మలమైన క్రొత్త గ్రీజును వెడలెను.

ఆదివారమున దేశమ్మ తానే బండి నెక్కి ముందు కూర్చుండెను. మొగిలి కనుమ మలుపున మేకలమంద అడ్డము రాగా చెంగల్రాయుడు బండిని నిలిపి మరల కదలించెను. ఆమె తల వెలుపలికి చాచి చెవియొగ్గెను. మేకల మెడగంటలు తప్ప మరేమియు వినరాలేదు.

"ఏం రాయుడూ, బండి మార్చినావా?"

"బండి అదే అక్కా. నా బుద్ధి మార్చినారు."

చిత్తూరున గడ్డి విప్పి ఒక్కొక్క కూజాను వ్రేలితో కొట్టి చూచుకొని ఆమె మరుసటి ఆవము ఎన్నడు దించునో వానికి చెప్పెను.

నేటికిని ప్రతి శుక్రవారమును చెంగల్రాయుడు బండి క్రిందికి దూరి నిప్పలును తుడిచి గ్రీజు ఎక్కించి దానికి జానెడు దూరమున షాఫ్టుపై తన బొటనవ్రేలితో బొట్టు పెట్టుచున్నాడు. ఆ బండి పుంగనూరు త్రోవన పోవునప్పుడు రేకులకొట్టమునందలి సుత్తి ఒక్కక్షణము ఆగును. దస్తగిరి తల వంచి చెవియొగ్గి అది కదలిపోవువరకును ఆ నిశ్శబ్దమును విని మరల తన పనియందు వంగును.